అట్లాంటా వడ్డాణ సూత్రం: టీకా తాత్పర్యం

సూత్రం: కుడివైపున చనుము, ఎడమవైపున దాటుము.

అవతారిక: అట్లాంటాలో పాతబడ్డ రైలుదారుల వెంబడి 45 పేటలను కలుపుతూ 22 మైళ్ల చుట్టుబాట వేస్తున్నారు. పేరు బెల్ట్‌లైన్. పాదచారులకూ సైకిళ్లవారికీ అక్కడ చెల్లే శాసనమిది.

ప్రతిపదార్థం: కుడివైపున = ప్రదక్షిణంలో దేవుడుండే పక్కన. ఇక్కడ నడుమ దేవుడు లేడు, ఊరుంది. చనుము = నడువుము, పరుగెత్తుము, పిల్లబండి తోయుము, కుక్కచే లాగబడుము. దాటుము = "ఆన్ యువర్ లెఫ్ట్" అని కేకవేసి మించిపొమ్ము.

విశేషం: ఈ శాస్త్రానికి విషయం బాట, ప్రయోజనం ఒళ్లు వంగడం. చిక్కల్లా అధికారి ఎవరన్నదే. అధికారి అంటే ఆఫీసరని లోకం, అర్హుడని శాస్త్రం. ఈ బాటకు మూలం 1999లో ర్యాన్ గ్రావెల్ అనే విద్యార్థి జార్జియా టెక్‌లో పట్టా కోసం రాసిన థీసిస్. సాధారణంగా థీసిస్‌లకు అలమరలోనే మోక్షం. దీన్ని నగర మండలి సభ్యురాలు క్యాథీ వూలర్డ్ చేపట్టింది. పేటపేటా సభలు జరిగాయి. సాయంత్రం వంట మానుకుని వాటికి వెళ్లి కూర్చున్నవాడే ఇక్కడ అధికారి.

పాఠభేదం: మూలంలో ఉన్నది ట్రామ్. బాటా పార్కులూ తర్వాత చేరాయి. మూలం ఇంకా పట్టాలెక్కలేదు. ప్రక్షిప్తం మీద జనం షికారు చేస్తున్నారు.

ఆక్షేపం: బాట పక్కన అద్దెలు పెరిగి పాతకాపులకు మోయరానివయ్యాయి గదా, "దాటుము" అన్నది వీళ్లనా? దీనికి సమాధానంగా, 2030 నాటికి సామాన్యుడికి అందే ఇళ్లు 5,600 సమకూర్చాలన్న లక్ష్యాన్ని చూపుతారు. ఈ విషయంలో జరుగుతున్నది చాలదని గ్రావెల్ 2016లో బెల్ట్‌లైన్ భాగస్వామ్య సంస్థ బోర్డు నుంచి తప్పుకున్నాడు. మూలకర్తే అలిగినచోట వ్యాఖ్యాతలు గొంతు సవరించుకుని తర్వాతి పదానికి వెళ్లడం సంప్రదాయం.

అలంకారం: రూపకం. నగరకాంతకు ఇది వడ్డాణం. కొక్కెం ఇంకా పడలేదు. అందుకూ గడువు 2030.

తాత్పర్యం: నడిచేవారు కుడిపక్కనే నడవాలి. వెనకనుంచి "లెఫ్ట్" అని వినబడితే ఎడమకు జరగరాదు. (జరుగుతారు.)