తిరిగితేనే ఆదా

తమిళనాడులో హోసూరు వైపున్న మా బేరిగైలో ఎవరైనా కారు కొంటే టీ కొట్టు దగ్గర మూడు ప్రశ్నలు తప్పవు. ఎంత పడింది, లీటరుకు ఎంత ఇస్తుంది, పిల్లనిచ్చినోళ్ళు ఎంత పెట్టినారు. ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక మధ్య ప్రశ్న రద్దయింది. ఇప్పుడు అడిగేది, "సరే, దీనికి కరెంటు యాడ పెడతావు?"

ఈ ప్రశ్న అడగడానికి మాకంటే తక్కువ హక్కున్న ఊరు దేశంలో ఇంకోటి ఉండదు. ఎందుకంటే దేశమంతా తిరిగే కరెంటు బండ్లు పుట్టేది మా చుట్టుపక్కలే. హోసూరులో ఏథర్ ఫ్యాక్టరీ. టీవీఎస్ ఐక్యూబ్ తయారయ్యేదీ హోసూరులోనే. పోచంపల్లి దగ్గర 500 ఎకరాల్లో ఓలా. ఏడాదికి కోటి స్కూటర్లు చేస్తామనీ, అందరూ ఆడవాళ్ళే పనిచేస్తారనీ 2021లో చెప్పిన ఫ్యాక్టరీ అదే. మా తాలూకా కేంద్రం శూలగిరిలో 2023 జనవరిలో సింపుల్ ఎనర్జీ వచ్చింది. ఇంకా వెనక్కి పోతే, మా హోసూరు రోడ్డునే బెంగళూరు వైపు నడిస్తే బొమ్మసంద్ర. రేవా అనే బుల్లి ఎలక్ట్రిక్ కారు 2001లో బయటికొచ్చింది అక్కడినుంచే. లండన్‌కు పోయి జీ-విజ్ అని పేరు మార్చుకుని దర్జాగా తిరిగింది. మన రోడ్ల మీద కనబడితే మాత్రం పిల్లలు వెంటబడి తోయడానికి సిద్ధమయ్యేవాళ్ళు.

ఇంతటి కరెంటు బండ్ల గడ్డ మీద మా మామ ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. మామకు గులాబీ తోట ఉంది, పాలీహౌసు ఉంది, ఇంటి ముందు రేకుల షెడ్డు ఉంది, షెడ్డులో పదిహేను ఆంపియర్ల ప్లగ్గు ఉంది, పూలపెట్టెలు మోయడానికి పాత డీజిలు జీపు ఉంది. ఎలక్ట్రిక్ కారు కొనడానికి ఏమేం కావాలని ఎవరైనా అడిగితే నేను పై వాక్యాన్ని చూపిస్తాను. కారు లాభాల చిట్టాలో కంపెనీవాళ్ళు రాసేవన్నీ ఈ ఆస్తులు ముందే ఉన్నవాడికే లాభాలు. హోసూరులో మూడో అంతస్తులో అద్దెకుండే ఫ్యాక్టరీ కుర్రాడు పొద్దంతా కరెంటు బండ్లే బిగిస్తాడు. బిగించి, పెట్రోలు బైకు మీద ఇంటికి పోతాడు. మూడో అంతస్తు నుంచి వైరు వేలాడదీస్తే ఇంటి ఓనరు ఊరుకుంటాడా?

మామ కొనేటప్పుడు చూసుకున్న లాభాలు అబద్ధాలేమీ కావు. జీఎస్టీ 5 శాతమే. రోడ్డు పన్ను మాఫీ. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో 15 శాతం తగ్గింపు. ఇంజను ఆయిలు లేదు, క్లచ్చు లేదు, సైలెన్సరు లేదు. పైగా పచ్చ పలక మీద తెల్ల అక్షరాలతో టీఎన్ 70 అని నంబరు. పల్లెలో పచ్చ పలకకు ఉండే గౌరవమే వేరు. మొదటి వారం దాన్ని ప్రభుత్వ బండి అనుకుని ఇద్దరు పెన్షను అర్జీలు తెచ్చారు.

లెక్క మామ నోటుబుక్కులో రాసినాడు. పెట్రోలు లీటరు వంద దాటింది, పదిహేను కిలోమీటర్ల మైలేజి వేసుకున్నా కిలోమీటరుకు ఏడు రూపాయలు దగ్గర దగ్గర. కరెంటు కారు యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు పోతుంది. యూనిట్ ఎనిమిది రూపాయలనుకున్నా కిలోమీటరుకు రూపాయి చిల్లర. అంటే ప్రతి కిలోమీటరుకు అయిదున్నర, ఆరు రూపాయలు మిగులు.

"చూడరా అల్లుడా, తిరిగే కొద్దీ దుడ్డు మిగుల్తాది," అన్నాడు మామ.

ఆ మాటతోనే ఆయన చిక్కుకుపోయినాడు. అదే కారు పెట్రోలు రకానికీ కరెంటు రకానికీ ధరలో తేడా అటూఇటుగా నాలుగు లక్షలు. కిలోమీటరుకు ఆరు రూపాయల లోపు మిగులుతుంటే ఆ నాలుగు లక్షలు తిరిగి రావడానికి డెబ్బై వేల కిలోమీటర్లు తిరగాలి. మామ వారానికి రెండుసార్లు హోసూరు పోయి వచ్చేవాడు. ఆ లెక్కన డెబ్బై వేలు తిరగడానికి పదకొండేళ్ళు పడుతుంది. బ్యాటరీకి గ్యారంటీ ఎనిమిదేళ్ళు. మిగతా మూడేళ్ళు దేవుడి గ్యారంటీ.

మనలాంటి వాడైతే ఇక్కడ నోటుబుక్కు మూసేస్తాడు. మామ రైతు, దిగుబడి చాలకపోతే విస్తీర్ణం పెంచడమే ఆయనకు తెలిసింది. వారానికి మూడోసారి కూడా హోసూరు పోవడం మొదలుపెట్టినాడు. పని లేకపోతే పని కల్పించుకున్నాడు. కట్ట కొత్తిమీర కోసం హోసూరు ఉళవర్ సంత (రైతుబజారు) దాకా పోయినాడు, పెరట్లో కొత్తిమీర మడి పెట్టుకుని! బాగలూరులో నామకరణం, మాలూరులో నిశ్చితార్థం, చంద్రచూడేశ్వరుడి కొండ మీద పొర్లుదండాలు, ఎవరింట్లో ఏ శుభకార్యమైనా "నేను దింపుతా రాండి" అని మామే ముందుంటాడు. పిలవని పెళ్ళిళ్ళకు కూడా దింపినాడు. కాలు బెణికినోళ్ళు, పంటి నొప్పోళ్ళు, రేషను కార్డులో పేరు తప్పు పడినోళ్ళు అందరూ మామ కోసం ఎదురుచూసేవాళ్ళే. నోటుబుక్కులో మాత్రం ఆదా పెరుగుతూనే ఉంది. ఇంట్లో దుడ్డు కనబడలేదని అత్త అడిగితే, "అది ఆదా, కనబడదు" అన్నాడు.

ఖర్చు మాత్రం కనబడింది. తమిళనాడులో ఈబీ (విద్యుత్ బోర్డు) బిల్లు రెండు నెలలకొకసారి. అప్పట్లో మొదటి వంద యూనిట్లు ఉచితం. అయిదు వందలు దాటనంత వరకు ఒక ధర, దాటితే కింది యూనిట్లకు కూడా వేరే ధర పడుతుంది. కారు రాకముందు మామ ఇల్లు ఈ గీతకు ఇవతల కాలు ముడుచుకుని బతికింది. అత్త మిక్సీ వేసే ముందు మీటరు చూసేది. కారు రెండు నెలలకు రెండు వందల యూనిట్లు తాగేసరికి గీత దాటింది. ఆ బిల్లు చూసి మామ కారు వైపు కాదు, అత్త మిక్సీ వైపు చూసినాడు.

దీనికి మా వైపు ఒక సంప్రదాయ వైద్యం ఉంది: ఇంటిని కాగితం మీద రెండు ఇళ్ళు చేయడం. ఇంటి వెనక గదికి అవ్వ పేరు మీద ఇంకో మీటరు. ఎనభై దాటిన అవ్వ ఒక బల్బు, ఒక ఫ్యాను వాడుతుంది. ఈబీ లెక్కల్లో ఆమె ఇప్పుడు రాత్రి పదికి మొదలెట్టి తెల్లవారుజాము దాకా మూడు కిలోవాట్లు లాగే మనిషి. రీడింగు తీయడానికి వచ్చిన పిల్లవాడు, "పాటి, ఏసీ పెట్టినావా?" అని అడిగితే, "లేదు నాయనా, మోకాళ్ళకు నూనె మాత్రమే" అందట.

బోరు మోటారు సంగతి కూడా రాయాల్సిందే. 1990 నుంచి మా రాష్ట్రంలో సేద్యపు మోటారుకు కరెంటు ఉచితం. తోటలో బోరు పక్కనే కారు నిలిపితే? ఇది నేరమని నేను చెప్పాను. "నేరమని తెలుసురా, నేనేమైనా చేస్తానన్నానా? కారులో పోయేది తోటకే కదా, అప్పుడు అది సేద్యం కాదా అని అడగతాండా," అన్నాడు మామ. ఈ ప్రశ్నకు వ్యవసాయ శాఖ, విద్యుత్ శాఖ, రవాణా శాఖ కలిసి కూర్చుంటే తప్ప జవాబు రాదు. అవి మూడూ కలిసి కూర్చునే లోపు ఏ బ్యాటరీ గ్యారంటీ అయినా ముగిసిపోతుంది.

తిరుపతి యాత్ర గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఎలక్ట్రిక్ కారు గుణగణాలన్నీ బయటపడేది అక్కడే.

కంపెనీ కాగితంలో దూరం ఒకటి, అత్తతో ఏసీ వేసుకుని పోతే వచ్చే దూరం ఒకటి. మామ కారు రెండోదాని ప్రకారం రెండొందల కిలోమీటర్లు. బేరిగై నుంచి వి.కోట, పలమనేరు, చిత్తూరు మీదుగా తిరుపతి రెండొందల పైచిలుకు. ఆ పైచిలుకులోనే పురాణమంతా ఉంది. ఫోనులో మూడు యాప్‌లు దించుకున్నాం, మూడింటిలోనూ ముందే దుడ్డు వేసుకున్నాం. దారిలో ఒక చోట ఛార్జరు ఉంది, కరెంటు లేదు. ఇంకో చోట కరెంటు ఉంది, ఛార్జరు ముందు పెట్రోలు కారు నిలిపి డ్రైవరు భోజనానికి పోయినాడు. మూడో చోట రెండూ ఉన్నాయి, మేం డబ్బు వెయ్యని నాలుగో యాప్ కావాలంది. చివరికి ఒక హోటలు దగ్గర దొరికింది, గంట పట్టింది. ఆ గంటలో నలుగురం కలిసి తిన్న ఇడ్లీ, వడ, పొంగలి, మళ్ళీ ఒకసారి వడ ఖర్చును మామ నోటుబుక్కులో "తిండి" కింద రాసినాడు. నేనైతే "ఇంధనం" కింద రాసేవాణ్ణి.

అత్తకు ఏసీ ఆపడం నచ్చలేదు. మామకు ఏసీ నడపడం నచ్చలేదు. పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగుతుంటే తెర మీద అంకె తగ్గడం మాని కొంచెం పైకి కదిలింది. వాలులో చక్రాలే మోటారును తిప్పి బ్యాటరీలోకి కరెంటు పంపుతాయి. అది చూసి మామ ముఖంలో కలిగిన వెలుగు మనవడు పుట్టినప్పుడు కూడా చూడలేదు. తిరుమల కొండ ఎక్కేటప్పుడు బ్యాటరీ గబగబా కరిగింది, దిగేటప్పుడు కొంచెం తిరిగొచ్చింది. "చూసినావా, స్వామి తీసుకుంటాడు, మళ్ళీ ఇస్తాడు," అన్నాడు. ఎంత తీసుకున్నాడో, ఎంత ఇచ్చాడో మాత్రం భక్తి కొద్దీ లెక్క వేయలేదు. తిరుగు ప్రయాణంలో మొగిలి ఘాటు ఎదురెక్కుతున్నప్పుడు స్వామి పేరు అందరం మనసులోనే తలుచుకున్నాం. గట్టిగా తలుచుకుంటే కరెంటు ఖర్చవుతుందేమోనని భయం.

ఆ కొండ మీదే 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. వాటిలో ఎవరి ముఖంలోనూ మా ఆందోళన లేదు. బస్సుకు రోజూ పోయే దారి తెలుసు, ఎన్ని కిలోమీటర్లో తెలుసు, రాత్రి ఏ డిపోలో పడుకోవాలో తెలుసు. కొత్తిమీర కోసం ఇంకో ఊరికి పోదామని దానికి బుద్ధి పుట్టదు. కరెంటు బండికి ఇంతకన్నా మంచి బతుకు లేదు. ఆ కొలతన చూస్తే అచ్చంగా సరిపోయే దారి బేరిగై–హోసూరు. ముప్పై కిలోమీటర్ల లోపు, ఘాట్లు లేవు, రోజుకు ఇన్ని ట్రిప్పులని కాగితం మీద రాసుంది. బస్సులు తయారు చేసే అశోక్ లేలాండ్ హోసూరులోనే ఉంది. ఆ గ్రూపు ఎలక్ట్రిక్ బస్సులు 2025 జూన్‌లో చెన్నైలో రోడ్డెక్కాయి. బెంగళూరులో వెయ్యికి పైగా కరెంటు సిటీ బస్సులున్నాయి. మధ్యలో ఉన్న మాకు మాత్రం టౌన్ బస్సు వెనక నల్లపొగ, షిఫ్టు ముగిసినప్పుడు కంపెనీ బస్సుల వరస. పర్యావరణాన్ని కాపాడే పని మామ ఒక్కడి మీదే పడింది.

పొగ అనగానే గుర్తొచ్చింది. కారుకు పొగ లేదు, ఒప్పుకుంటాను. దానికి బదులు మేట్టూరు థర్మల్ కేంద్రం పొగగొట్టం ఉంది. ఆషాఢం గాలి బలంగా వీచినప్పుడు తమిళనాడు గాలిమరల కరెంటు కూడా కొంత కలుస్తుంది కాబట్టి, ఆ రోజుల్లో మామ కాస్త తలెత్తుకుని నడుపుతాడు.

శబ్దం లేకపోవడం లాభమా నష్టమా అన్నది ఇంకా తేలలేదు. బుల్లెట్టు కొన్నవాడు వీధి మలుపులోనే ప్రకటించుకుంటాడు. మామ ఇంటి ముందు ఆగి రెండు నిమిషాలైనా ఎవరూ తలుపు తీయరు. హారను కొట్టి తన వైభవాన్ని తనే చాటుకోవాలి. సానమావు అడవి పక్క రాత్రిపూట పోయేటప్పుడు చప్పుడు లేకుండా ఏనుగుల దాకా వెళ్ళిపోతామన్న భయం ఒకటి. ఏనుగు మైలేజి అడగదు.

ఆ మధ్య హోసూరు విమానాశ్రయం మాట వచ్చింది. 2024 జూన్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో చెప్పారు: 2000 ఎకరాలు, ఏడాదికి 3 కోట్ల మంది ప్రయాణికులు. బాగలూరు, బేరిగై వైపే స్థలమని వార్తలు రాగానే మా ఊళ్ళో గుంట భూమికి కూడా రెక్కలొచ్చాయి. విమానం దిగేచోటికి పోవడానికి కరెంటు యాడ పెడతారో ఎవరూ అడగలేదు.

మామ మాత్రం ముందుకే పోయినాడు. అవ్వ మీటరు కూడా బరువెక్కిందని పోయిన ఏడాది ఇంటి మీద సోలారు పలకలు వేయించినాడు. కేంద్రం పీఎం సూర్య ఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వచ్చింది. ఇక కారు నడక ఉచితమని సంబరపడుతుంటే చిక్కు బయటపడింది. ఎండ ఉండేది పగలు. ఎండ కరెంటు కారులోకి ఎక్కాలంటే కారు పగలు ఇంట్లో ఉండాలి. నాలుగు లక్షలు తిరిగి రావాలంటే కారు పగలు రోడ్డు మీద ఉండాలి.

నెట్ మీటరు ఉంది కదా, పగలు ఈబీకి ఇచ్చి రాత్రి వెనక్కి తీసుకోవచ్చని నేను చెప్పాను. మామ నన్ను జాలిగా చూసినాడు. "ఈబీకి అరువిచ్చి తిరిగి వసూలు చేసేదా? ఏంరా, చదువుకున్నావా నువ్వు?"

అందుకని ఆయనే ఒక తీర్మానానికి వచ్చినాడు. పగలు కారు ఎండ తాగుతూ షెడ్డులో ఉంటుంది. తిరగడానికి ఒక ఎలక్ట్రిక్ స్కూటరు కొంటాడు. మన జిల్లాలో చేసిందే. దానికీ పెట్రోలు స్కూటరుకూ ధరలో ఉన్న తేడా ఎన్ని కిలోమీటర్లు తిరిగితే వస్తుందో నోటుబుక్కులో కొత్త పేజీ తీసినాడు.

స్కూటరు చూడటానికి పోయిన రోజు కారు ఛార్జింగ్‌లో ఉంది. మామ, అత్త, నేను ముగ్గురం టౌన్ బస్సు ఎక్కినాం. 2021 నుంచి ఆడవాళ్ళకు టౌన్ బస్సు ఉచితం కాబట్టి అత్తకు టికెట్టు డబ్బుల్లేవు. హోసూరు దాకా ఆమె ఖర్చు సున్నా, పెట్టుబడి సున్నా, బ్యాటరీ భయం లేదు. బస్సు కదిలిన అయిదు నిమిషాలకే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. మామ ఆ రోజు లెక్క నోటుబుక్కులో రాయలేదు.