బకాయి నోటీసుకు జిరాక్సాపణ వ్యాఖ్య

మూలం: “ఇందుమూలముగా వసతిగృహ విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, భోజన బకాయిలు చెల్లించనివారికి బకాయి లేదను పత్రము జారీ చేయబడదు. సదరు పత్రము లేనివారికి పరీక్షా ప్రవేశపత్రము ఇవ్వబడదు. ఉల్లంఘించినవారిపై తగు చర్య తీసుకొనబడును.”

అవతారిక: మూలగ్రంథం ఏ సందర్భంలో పుట్టిందో చెప్పే ప్రస్తావనను అవతారిక అంటారు. ఈ మూలం పరీక్షలకు కొద్దిరోజుల ముందు, విశ్వవిద్యాలయ వసతిగృహాల మెస్సు గోడల మీద ఏటేటా అవతరిస్తుంది. కింద ఉండే సంతకం ఏ లిపికీ లొంగదు కనుక కర్త ఎవరో నిర్ణయించడం సాధ్యం కాదు. మనుష్యుడు రచించనిదాన్ని మీమాంసకులు అపౌరుషేయం అన్నారు, వేదాన్ని వారు అలాగే భావించారు. ఆ న్యాయం చొప్పున వేదానికి ఉన్న ప్రామాణ్యమే దీనికీ సిద్ధిస్తుంది. వేదానికి శాఖలున్నట్లే దీనికీ ప్రాంగణానికొక శాఖ ఉంది కాబట్టి, ఇది ఫలానా విశ్వవిద్యాలయానిదే అని వేలు చూపడం తగదు.

ప్రతి శాస్త్రానికీ విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగు అనుబంధాలు ఉండాలి. శాస్త్రంలో అధికారి అంటే దాన్ని చదవడానికి అర్హుడు. వసతిగృహంలో అధికారి అంటే దాన్ని చదవనవసరం లేనివాడు. చదవక తప్పనివారు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వంటి చోట్ల నుంచి వచ్చినవారు. 2016 అక్టోబరు 11న, ప్రధానంగా పాత వరంగల్లు జిల్లా నుంచి విడివడిన ఈ మూడు జిల్లాల పిల్లలకు పెద్ద చదువంటే చాలావరకు 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయమే. దానికి ఉపకులపతిగా పనిచేసిన ఆచార్య కొత్తపల్లి జయశంకర్ పేరే భూపాలపల్లి జిల్లా పేరుకు ముందు చేరింది.

వ్యాఖ్యకు పేరు పెట్టడం ఆచారం. మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అని, భారవి కావ్యానికి రాసినదానికి ఘంటాపథం అని పేర్లు పెట్టాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన పూనిన నియమం వ్యాఖ్యాతలందరికీ తెలిసినదే, వారిలో పాటించినవారు మాత్రం తక్కువ. ఆయన కుమారుడు కుమారస్వామి, విద్యానాథుని ప్రతాపరుద్రీయానికి రాసిన వ్యాఖ్య పేరు రత్నాపణం, అంటే రత్నాల అంగడి. ప్రాంగణ ద్వారం దగ్గర విద్యార్థికి నిత్యం పనిపడే అంగడి జిరాక్సుదే కనుక ప్రస్తుత వ్యాఖ్యకు జిరాక్సాపణం అని పేరు.

ప్రతాపరుద్రీయం ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని గురించి నాలుగు మాటలు చెప్పక ముందుకు సాగడం పాపం. 1289 నుంచి 1323 వరకు ఓరుగల్లును ఏలిన ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు రచించిన ఈ అలంకారశాస్త్రం తొమ్మిది ప్రకరణాల గ్రంథం. నాయకుడెలా ఉండాలో చెప్పడంతో మొదలై, కావ్యం, నాటకం, రసం, దోషం, గుణం మీదుగా అలంకారాల దాకా నడుస్తుంది. లక్షణం చెప్పినచోటల్లా ఉదాహరణ కావాలి. చాలామంది ఆలంకారికులు నలుగురు కవుల నుంచి ఏరుకునే చోట విద్యానాథుడు తానే శ్లోకాలు కట్టి, వాటిని తన రాజు కీర్తితోనే నింపాడు. నాటక లక్షణానికి ఉదాహరణ అవసరమైనప్పుడు వెరవక అయిదంకాల నాటకాన్నే రాసి గ్రంథం మధ్యలో కూర్చాడు, దానికీ రాజే నాయకుడు. శాస్త్రం నేర్చుకోవడానికి కూర్చున్న శిష్యుడు ఉపమ నేర్చుకునేలోపు రాజుగారి బాహుబలం కంఠస్థం చేస్తాడు. దీన్ని స్తుతిపాఠమని ఈసడించినవారు లేకపోలేదు కానీ, ఆ ఈసడింపు అన్యాయం. రాజు పేరు తీసివేసినా లక్షణం నిలుస్తుంది, కుమారస్వామి అంతటివాడు వ్యాఖ్యకు పూనుకోవడమే అందుకు సాక్ష్యం. పైగా విద్యానాథుడు తాను పొగడుతున్నది ఎవరినో దాచలేదు, పేరు పెట్టి మరీ పొగిడాడు. గోడమీది నోటీసుకు ఆపాటి ధైర్యం కూడా లేదు.

ప్రతిపదార్థం: బకాయి, భోజనం, విద్యార్థి మొదలైన పదాలు స్పష్టమే కనుక వాటిని విడిచిపెట్టడమైనది. వ్యాఖ్య అవసరమైనది ‘బడు’ అనే ధాతువుకే. జారీ చేయబడదు, ఇవ్వబడదు, తీసుకొనబడును అనే మూడు క్రియల్లోనూ కర్త లేడు. వాక్యంలో కర్త లోపిస్తే అధ్యాహారం చేయాలి, అంటే బయటి నుంచి తెచ్చి పూరించుకోవాలి అని వైయాకరణులు చెబుతారు. ఆ అధ్యాహారానికే భూపాలపల్లి విద్యార్థి తెల్లవారుజామున బస్సెక్కి రేగొండ, పరకాల దాటి వస్తాడు, మహబూబాబాద్ విద్యార్థిని ఒక దిక్కు నుంచి, జనగామ విద్యార్థి మరో దిక్కు నుంచి రైలు దిగుతారు. ముగ్గురూ గుమస్తా దగ్గరికి వెళ్తే వార్డెన్ అంటాడు, వార్డెన్ దగ్గరికి వెళ్తే డైరెక్టర్ అంటాడు, డైరెక్టర్ గది ముందు ‘సారు మీటింగుల ఉన్నరు’ అనే వాక్యం వినబడుతుంది. ఆ రోజంతటిలో కర్త ఉన్న వాక్యం అదొక్కటే.

శంక: తిన్నవాడు బాకీ తీర్చడం న్యాయమే కదా? సమాధానం: న్యాయమే. నెల ఖర్చును తిన్నవారందరికీ పంచే డివైడింగ్ పద్ధతిలో ఒకరు కట్టకపోతే ఆ లోటు మెస్సు మీదనే పడుతుంది, సరుకులిచ్చిన కొట్టువాడు అపౌరుషేయ వాక్యాలకు లొంగడు. అయితే ఉపకారవేతనం మీద చదివే విద్యార్థి బిల్లు కట్టవలసింది చాలావరకు ప్రభుత్వం పంపే డబ్బుతోనే. బోధన రుసుముకిచ్చే భాగాన్ని ఆర్టీఎఫ్ అని, తిండికీ బసకూ ఇచ్చే భాగాన్ని ఎంటీఎఫ్ అని అంటారు; ‘ఎంటీఎఫ్ పడ్డదా’ అన్నదే వసతిగృహంలో ఒకరినొకరు అడిగే కుశలప్రశ్న. కులపత్రం, ఆదాయపత్రం సమర్పించి, ఈపాస్‌లో దరఖాస్తు నింపి, మీసేవలో వేలిముద్ర వేసినా డబ్బు పడదు. కారణాలన్నీ ఉన్నా కార్యం పుట్టకపోవడం విశేషోక్తి అనే అలంకారం. విద్యార్థి ఆలస్యం చేయకపోయినా శిక్ష విద్యార్థికి పడుతుంది. కారణం లేకుండా కార్యం పుట్టడం విభావన. బకాయి హైదరాబాదులో ఉంటుంది, ప్రవేశపత్రం ఓరుగల్లులో ఆగుతుంది. కారణం ఒకచోట, కార్యం మరొకచోట ఉండడం అసంగతి. విద్యానాథుడు మూడు శ్లోకాల్లో చూపవలసినదాన్ని ఈ నోటీసు మూడు ముక్కల్లో చూపింది.

అలంకారాలు సరే. ఆర్టీఎఫ్ బకాయిల కోసమే 2024 అక్టోబరులోనూ, 2025 నవంబరులోనూ తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు బంద్ చేసి కూర్చున్నాయి. యాజమాన్యం తలుపు మూసి అడగగలదు. విద్యార్థి కడుపు మూసుకుని ఎవరిని అడగాలి? అప్పుపడ్డది సర్కారైతే, సంతకాల కోసం గదిగదికీ తిరిగేది ఆ అప్పు రావలసిన పిల్లవాడా? వ్యాఖ్యలో కోపం దోషం. అయినా ఈ చోట దాన్ని దిద్దవలసిన పని లేదు.

పాఠాంతరం: మూలం గోడకెక్కిన గంటలోపే విద్యార్థుల వాట్సాప్ గుంపుల్లో మరో పాఠం ప్రచారంలోకి వస్తుంది: ‘మెస్సు పైసలు కట్టకుంటే హాల్ టికెట్ ఇయ్యరంట.’ ఆరు మాటల ఈ పాఠమే గ్రాహ్యం. జనగామ జిల్లా పాలకుర్తిలో పుట్టినవాడని చెప్పే పాల్కురికి సోమనాథుడు, నలుగురికీ తెలిసే జాను తెనుగులో ద్విపదలు కట్టి బసవపురాణం చెప్పింది ఏడు వందల ఏళ్ల కిందట. ఆ పాలకుర్తి నుంచే వచ్చిన విద్యార్థికి ఇప్పుడు ‘సదరు పత్రము లేనివారికి’ అని చెబుతున్నారు.

తాత్పర్యం స్పష్టం. ఒక్క చివరి సందేహం మిగిలింది, అది బకాయి లేదను పత్రం గురించి. అందులో గ్రంథాలయానికి ఒక గడి, ప్రయోగశాలకు ఒక గడి, క్రీడావిభాగానికి ఒకటి, మెస్సుకు ఒకటి ఉంటాయి, ఒక్కొక్కదానికీ ఒక సంతకం, ఒక ముద్ర కావాలి. విద్యార్థికి రావలసిన బకాయి రాసుకోవడానికి గడి లేదు.