ముందు గదిని చీకటి చేయండి

ఇంట్లోంచి చీరలు అమ్మేవాళ్లు ఫొటోల కోసం ఓ గది సర్దుకుందామనుకోగానే చుట్టుపక్కలవాళ్లంతా ఒకటే పాట: రింగ్‌లైటు కొను, రెండు సాఫ్ట్‌బాక్సులు పెట్టు, గోడలకు తెల్లరంగు వేయించు. నేను చెప్పేది దీనికి తలకిందులు. ఏ లైటూ కొనకండి. గదిలో ఉన్న వెలుగునే తగ్గించుకుంటూ రండి.

మొదట ట్యూబ్‌లైటు ఆపండి, బల్బులూ ఆపండి. పసుపు బల్బు వెలుగు దాదాపు 2700 కెల్విన్లు, మబ్బు పట్టిన ఆకాశానిది 6500 దరిదాపుల్లో ఉంటుంది. ఆ రెండింటిలో ఒక్కదాన్నే కెమెరా తెలుపుగా సరిచేయగలదు. రెండూ కలిసిపడితే ఒకే చీరకు ఓ పక్క నీలిఛాయ, ఓ పక్క పసుపు. రంగు తేడాగా ఉందంటూ పార్సిల్ వెనక్కి వచ్చినప్పుడు అద్దకాన్ని తిట్టుకునే ముందు ఆ ఫొటో ఏ వెలుగులో తీశారో చూడండి.

తరవాత ఒక్క కిటికీ ఉంచి మిగతావన్నీ మూసేయండి. ఉత్తరపు కిటికీ ఉంటే మరీ మంచిది. కరెంటు దీపాలు రాకముందు స్టూడియోలకు ఉత్తరం వైపు అద్దాలు పెట్టించేది నేరుగా ఎండ పడకూడదనే. మనకు ఒక మెలిక ఉంది. హైదరాబాదులో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికే ఒరుగుతాడు. అప్పుడు కిటికీకి తెల్ల పంచె కట్టండి. నీలిమందు ఎక్కువ పట్టిన పంచె మాత్రం వద్దు, ఆ రంగు చీర మీదికీ దిగుతుంది.

ఇక ఎవరూ ఒప్పుకోని మాట. కిటికీకి ఎదురు గోడకు థర్మోకోల్ షీటు బదులు నల్ల దుప్పటి వేలాడదీయండి. చిన్న గదిలో తెల్ల గోడలకు తగిలిన వెలుగు తిరిగొచ్చి ప్రతి నీడనూ నింపేస్తుంది. నీడ లేనిచోట నేత కనబడదు.

గద్వాల చీరనే తీసుకోండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు వెలుగును నలుదిక్కులా చెదరగొడుతుంది, పట్టూ జరీ దాన్ని ఒక వాటంలో తిప్పికొడతాయి. ఈ రెంటినీ కలిపి నేయడంలోనే ఆ నేతగాడి విద్యంతా ఉంది. రింగ్‌లైటు ఎదురుగా నిలబడి అన్నిటినీ ఒకేలా కడిగేస్తుంది, నూలేదో పట్టేదో తెలియనివ్వదు. అంత పనిని మిల్లు బట్టలా చూపించడం నాకు కష్టంగా ఉంటుంది. కిటికీ పక్కనుంచి, వీలైనంత ఏటవాలుగా వెలుగు పడనివ్వండి. చీరను కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఒకచోట జరీ వెలుగుతుంది. అక్కడ ఆపండి.

దగ్గరి నేత చూపాలంటే చీరను కిటికీ దగ్గరికి జరపండి, మొత్తం చీర చూపాలంటే దూరం జరపండి. ఒంటరి బల్బుకు రెట్టింపు దూరం వెళితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కిటికీ వెలుగు అంత లెక్కగా తగ్గదు కానీ దగ్గరగా ఉన్నప్పుడు ఒక కొస మెరిసి రెండో కొస మసకబారడానికి కారణం అదే.

వెనక తెరకూ డబ్బు పెట్టకండి. రంగు వేయని సిమెంటు గోడ చాలు. పేరున్న అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇర్వింగ్ పెన్ 1950లో పారిస్‌లో దొరికిన పాత నాటకాల తెరను ఏళ్ల తరబడి వాడుకున్నాడు. చీరను మాత్రం గోడకు ఆనించకండి, నాలుగైదు అడుగులు ముందుకు లాగండి.

ఫోను పట్టుకుని చీర కట్టుకున్నామె మీదికి వెళ్లిపోకండి. ఫోను మామూలు లెన్సు వెడల్పాటిది. దగ్గరికెళ్తే కుచ్చిళ్లు ఉబ్బుతాయి, ముక్కు పెద్దదవుతుంది. ఏడెనిమిది అడుగులు వెనక్కి నడిచి 2 ఎక్స్ పెట్టండి. బ్యూటీ మోడ్ తీసేయండి.

కొనాల్సిందల్లా ఒక గట్టి ట్రైపాడ్. వెలుగు తగ్గిన గదిలో ఫోను షట్టర్ నెమ్మదిస్తుంది, చేతి వణుకంతా ఫొటోలోకి వస్తుంది. అందుకే ఫ్యాను కూడా ఆపాలి, లేకపోతే కొంగు కదిలి జరీ గీతలు చెదురుతాయి. మే నెలలో ఆ ఉక్క భరించలేరు కాబట్టి పొద్దున్నే కానిచ్చేయండి. ఆ వేళ ఉత్తరపు కిటికీలోంచి కూడా ఏటవాలు ఎండ పడుతుంది, పంచె ముందే కట్టి ఉంచుకోండి.