ఎర్రమడ్డికి బారసాల

బిడ్డ పుట్టి చాలాకాలమైంది, పేరు పెట్టడానికే అందరూ జంకారు. అల్యూమినియం కోసం బాక్సైట్ నుంచి టన్ను అల్యూమినా తీస్తే టన్నుకు పైగా మిగిలే ఎర్రమడ్డి అది. ఒళ్లంతా కాస్టిక్ సోడా. 2010 అక్టోబరులో హంగరీలోని అయ్‌కా దగ్గర కట్ట తెంచుకుని ఊళ్ల మీద పడి పదిమందిని పొట్టన పెట్టుకున్న రకం. ఇలాంటిదాన్ని ఎవరు గడప తొక్కనిస్తారు?

పశ్చిమ ఆస్ట్రేలియా పిలిచి పీట వేసింది. అక్కడ మాండురా ఊరి పక్కన పీల్-హార్వే అని పెద్ద ఉప్పునీటి మడుగు ఉంది. పైనున్న పచ్చిక భూములు చాలావరకు ఇసుక నేలలు. వేసిన సూపర్ ఫాస్ఫేటును ఇసుక పట్టి ఉంచదు, నాలుగు వానలకే మడుగుకు అప్పజెప్పేస్తుంది. ఆ విందు తిని నాచు బలిసింది, కుళ్లింది, ఒడ్డున ఉన్నవాళ్లు ముక్కు మూసుకున్నారు.

అప్పుడు గుర్తొచ్చాడు మన ఎర్రబాబు. మడ్డిలోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు ఫాస్ఫరస్‌ను చటుక్కున పట్టేసుకుంటాయి. మరి సోడా పొగరో? దాన్ని అణచడానికి జిప్సం కలిపారు. ఆ జిప్సం ఎక్కడిదనుకున్నారు? ఎరువుల తయారీలో మిగిలిన చెత్తే! నీటిని చెడగొట్టిన సరుకు తాలూకు చెత్తకీ, గుట్టలు పడి ఉన్న అల్యూమినియం చెత్తకీ పెళ్లిచేసి, కాపురం రైతు పొలంలో పెట్టించారు. ఎకరాకు ఎనిమిది టన్నుల లెక్కన సారె కూడా పంపారు.

బారసాల ఘనంగా జరిగింది. పేరు ‘ఆల్కలోమ్’. లోమ్ అంటే సారవంతమైన మట్టి. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఇందులో ఆ సారమూ అంతే.

మందు పనిచేసింది, కాదనను. పొలం దాటిపోయే ఫాస్ఫరస్ తగ్గింది. కానీ అల్యూమినియం కంపెనీ ఖాతా చూడండి: నిన్నటిదాకా కట్ట కట్టి కాపలా కాయాల్సిన పీడ, ఇవాళ పర్యావరణ సేవ. రైతును ఓ బస్తా ఎరువు మానమనడం కంటే, లారీ మడ్డి తోలడమే తేలిక కాబోలు. 2002లో ఆ మడ్డిలోని భారలోహాలు, రేడియోధార్మికత మాట పత్రికలకెక్కేసరికి మేనమామలెవరూ కనపడలేదు.

మడుగు మాత్రం అంతవరకు ఆగలేదు. 1994లోనే డాస్‌విల్ దగ్గర రెండున్నర కిలోమీటర్ల కాలువ తవ్వి, హిందూ మహాసముద్రానికి దారి చూపించారు. ఇంట్లో కంపు కొడితే వీధి తలుపు తీసినట్టు!

విశాఖ మన్యంలో బాక్సైట్ అన్నప్పుడల్లా గిరిజనులు అడ్డం తిరిగారు గనుక ఆ కొండల బిడ్డను ఎత్తుకునే యోగం మనకింకా పట్టలేదు. పడితే దిగులొద్దు, పేరు నేను రాసి ఉంచాను: ‘అమృత మృత్తిక’. చెరువుగట్టు మీద కొబ్బరికాయ మంత్రిగారిది, శామియానా ఎరువుల కంపెనీ వారిది. ఆ చెరువులో ఎరువు తిని బలిసిన గుర్రపుడెక్క తీసే కూలీలను మాత్రం ఆ పూటకు ఫొటోలో పడకుండా కాస్త పక్కకు జరగమనాలి.