పాసుపుస్తకం బీరువాలో, పాస్‌వర్డు బజార్లో

ఉరవకొండకు ఆ పేరు పాము వల్ల వచ్చిందని చెప్పుకొంటారు. ఊరి కొండ పడగ విప్పిన నాగుపాములా కనిపిస్తుంది గనక ఉరగాద్రి అయిందట, ఉరగకొండ అయిందట, చివరికి నోట్లో నలిగి ఉరవకొండ అయిందట. ఆ పడగను చూసి ఇన్ని తరాల్లో ఒక్క మేక కూడా బెదిరి మేత మానలేదు. అది రాతిపడగ అని మేకకు తెలుసు. ఇప్పుడు ఆ కొండ నీడలో కొత్త రాతిపడగలు లేస్తున్నాయి. వీధిలో నిలబడి ఫోనులో వైఫై జాబితా తెరిస్తే తగిలే పేర్లు ఈ బాపతు: ‘పోలీస్ కంట్రోల్ రూమ్’, ‘సైబర్ క్రైమ్’, ‘వైరస్ ఉంది తాకొద్దు’, ‘నీ దుడ్డుతో ఏయించుకో’. కట్టే ఇంటికి బూడిద గుమ్మడికాయ, చేనుకు దిష్టిబొమ్మ, రౌటరుకు ఈ పేరు. గుమ్మడికాయ కట్టినాయన రాత్రికి తలుపు గొళ్లెం కూడా వేస్తాడు. వైఫై విషయంలో మాత్రం దిష్టి తీసేసి తలుపులు బార్లా తెరిచి పడుకోవడమే ఆచారంగా స్థిరపడింది.

పేరుతో బెదిరించడం చాలదనుకున్న జాగ్రత్తపరులు ఇంకో మెట్టెక్కి పేరునే దాచేస్తారు. జాబితాలో కనబడకపోతే ఎవరి కన్నూ పడదని ధీమా. రౌటరు తన పేరు చెప్పడం మానేస్తే ఇంట్లోవాళ్ల ఫోను దాన్ని ఎట్లా కనుక్కోవాలి? ఆ ఫోనే నోరు తెరిచి, ఫలానా పేరుగల వైఫై ఇక్కడుందా అని అడగాలి. ఇంట్లో అడిగి ఊరుకోదు. గుంతకల్లు స్టేషన్లో అడుగుతుంది, అనంతపురం బస్టాండులో అడుగుతుంది, పెన్నహోబిలం గుడి మెట్ల మీద కూడా అడుగుతుంది. ఇంటి ముందు బోర్డు పీకేసిన పెద్దమనిషి, వెళ్లిన ప్రతి ఊళ్లో ‘మా ఇల్లు ఇక్కడుందా’ అని ఇంటిపేరుతో సహా కేకలు వేసినట్టు. దీన్ని మించిన ఉపాయం మ్యాక్ అడ్రసుల పట్టీ, అంటే ఒక్కో ఫోను చెప్పుకునే గుర్తింపు సంఖ్యల జాబితా. నేను రాసుకున్న ఫోన్లకే ప్రవేశం, మిగతావాళ్లు గడప దాటకూడదు. కానీ ఆ అడ్రసు ఫోను గాలిలోకి వదిలే ప్రతి ముక్క మీదా ఏ ముసుగూ లేకుండా ఉంటుంది. విని, దాన్నే తన యంత్రానికి తగిలించుకోవడం పని తెలిసినవాడికి నిమిషాల్లో అయ్యేదే. పైగా 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, ఆ మరుసటి ఏడు వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లే ఒక్కో వైఫైకి ఒక్కో మారుపేరు చెప్పడం మొదలుపెట్టాయి. దాంతో దొంగ లోపల, సాఫ్ట్‌వేరు మార్చుకున్న యజమాని బయట. ఇవన్నీ మంచివాణ్ని మాత్రమే ఆపే అడ్డుకట్టలు. మంచివాడు అవి లేకపోయినా రాడు.

ఇక అసలు తాళం సంగతి. ఇంట్లో పాస్‌వర్డు అడగండి, పది అంకెలు చెబుతారు. ఇంటి పెద్ద సెల్ నంబరు. అది ట్రాక్టరు ట్రాలీ వెనక రాసి ఉంటుంది, అంగడి బోర్డు మీద ఉంటుంది, కూతురి పెళ్లి పత్రికలో అడుగున ఉంటుంది. ఊరంతా తెలిసిన అంకెను రహస్యమని పిలిచే ధైర్యం మనకే చెల్లింది. నంబరు తెలియని పరాయివాడి సంగతేమిటంటారా? మన సెల్ నంబర్లు 6 నుంచి 9 వరకు ఏదో ఒక అంకెతో మొదలవుతాయి. కాబట్టి అన్నీ కలిపి 400 కోట్లకు మించవు. 400 కోట్లంటే కొండంత కనబడుతుంది. అయితే ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా ఉన్న డబ్ల్యూపీఏ2 పద్ధతిలో ఫోనూ రౌటరూ కలిసేటప్పుడు చేసుకునే పలకరింపును ఒక్కసారి గాలిలో పట్టుకుంటే చాలు. ఆ తర్వాత పాస్‌వర్డు ఏమై ఉంటుందన్న ఊహలన్నీ తన ఇంట్లో కూర్చొని సరిచూసుకోవచ్చు, రౌటరుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆటలాడేవాళ్ల కోసం అమ్మే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకు పది లక్షల పైచిలుకు ఊహలు పరీక్షిస్తుంది. 400 కోట్లూ తిరగేయడానికి గంటా పది నిమిషాలు పట్టదు. సినిమాలో విశ్రాంతి పడేలోపు మీ తాళం ఊడి చేతికొస్తుంది. తాళం తీసే శ్రమ కూడా వద్దనుకునేవాళ్ల కోసం రౌటరు బాక్సులోనే పిన్ను చెబితే లోపలికి రానిచ్చే డబ్ల్యూపీఎస్ అనే పెరటి తలుపు ఒకటుంది. ఎనిమిదంకెల పిన్ను కదా, పది కోట్ల అవకాశాలనుకున్నారు. రౌటరు దాన్ని రెండు ముక్కలు చేసి విడివిడిగా సరిచూస్తుందనీ, చివరి అంకె ముందు ఏడింటి నుంచి లెక్కకట్టి వచ్చేదేననీ, 11,000 ప్రయత్నాలతో పని అయిపోతుందనీ 2011 డిసెంబరులో స్టెఫాన్ ఫీబ్యోక్ అనే పరిశోధకుడు బయటపెట్టాడు. దాన్ని ఆపేసే వీలు చాలా బాక్సుల సెట్టింగుల్లో ఉంటుంది. అక్కడికి వెళ్లాలంటే ఇంకో పాస్‌వర్డు కావాలి. అది కేబుల్ అబ్బాయి దగ్గర ఉంటుంది, లేదా తయారైన నాటి నుంచి మారని ‘అడ్మిన్’ అయి ఉంటుంది.

బిందె నీళ్లకు లెక్క చెప్పే జనం ఇంత ధారాళంగా ఎట్లా ఉన్నారంటే, ఈ ఖర్చును తప్పు పద్దులో రాశారు గనక. ఈ సీమ కళ్లు నీళ్ల లెక్కకు అలవాటు పడ్డాయి. తుంగభద్ర ఎగువ కాలువకు, అదే మన హెచ్చెల్సీకి, నీళ్లొచ్చిన నాలుగు నాళ్లూ పైన ఎవడు మోటారు పెట్టి తోడాడు, తూము ఎవడు ఎత్తాడు, చివరి ఆయకట్టుకు ఏం మిగిలింది అన్నది రాత్రుళ్లు గట్టు మీద కాపలా కాసి తేల్చుకునే విషయం. బోరు వేయాలన్నా 2002 నాటి వాల్టా చట్టం పక్క బోరు ఎంత దూరమో అడుగుతుంది. ఆ కళ్లతోనే వైఫైనీ చూస్తున్నాం. ఎదురింటి పిల్లోడు మన నెట్టు తోడేస్తున్నాడు, మన సీరియల్ ఆగిపోతోంది! నిజంగా పోయేది నీళ్లే అయితే ఈ వ్యాసం దండగ. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ మొదలైనప్పుడే నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ మూడూ ఇస్తామన్నారు; కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగారు. ఇప్పుడు ఇంటి ప్లాన్లు చాలావాటిలో నెల పరిమితి వేల జీబీలు. ఎదురింటి పిల్లోడు రోజుకో సినిమా చూసినా అందులో చెంబుడు తగ్గుతుంది. కానీ కనెక్షన్ గుర్తింపు కార్డు ఇచ్చి, సంతకం పెట్టి తీసుకున్నది. ఆ తీగ గుండా ఎవరేం పంపినా బయటికి కనబడేది చందాదారుడి చిరునామా. ఏ గంటకు ఏ చిరునామా ఎవరి పేరున నడిచిందో ఇంటర్నెట్ సంస్థ చిట్టాలో ఉంటుంది. అంటే ఇది కాలువ నీళ్ల జాతి కాదు, పట్టాదారు పాసుపుస్తకం జాతి. పట్టుచీరల అడుగున, బీరువా లోపలి అరలో పాసుపుస్తకం దాచి, తమ్ముడు చూస్తానన్నా ‘రేపు చూద్దాంలే’ అనే ఇంట్లోనే వైఫై పాస్‌వర్డు పాల ప్యాకెట్ల అబ్బాయికి కూడా నోటికి వస్తుంది.

పేరు పోతే ఏమవుతుందో 2008లో ఈ దేశం చూసింది. జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొన్ని నిమిషాల ముందు బెదిరింపు ఈమెయిల్ ఒకటి పత్రికా కార్యాలయాలకు వచ్చింది. పోలీసులు దాని జాడ పట్టుకొని వెళితే నవీ ముంబయిలో కెనెత్ హేవుడ్ అనే అమెరికన్ ఇల్లు తేలింది. రాసినవాడు ఆయన కాదు. ఆయన వైఫై ఎవరో వాడుకున్నారు. అది తేలేదాకా ప్రశ్నలు, పరీక్షలు, వారాల తరబడి టీవీల్లో ముఖం. ఆగస్టులో ముంబయి ఖాల్సా కళాశాల నెట్టుతో, సెప్టెంబరు 13న ఢిల్లీ పేలుళ్ల రోజున చెంబూరులోని ఒక కంపెనీ వైఫైతో అట్లాంటి ఈమెయిళ్లే వెళ్లాయి. ఆ వైఫైలు వాడుకున్నవాళ్లకు స్పీడు అక్కర్లేదు, డేటా అక్కర్లేదు. ఒక ఉత్తరం వెళ్లేంతసేపు ఇంకొకరి చిరునామా కావాలి, అంతే. మరుసటి ఏడు ఫిబ్రవరిలో కేంద్ర టెలికాం శాఖ వైఫై వాడకానికి ఐడీ, పాస్‌వర్డు ఉండేలా చూడమని ఇంటర్నెట్ సంస్థలను ఆదేశించింది. ఐడీ, పాస్‌వర్డు అన్నారు కాబట్టి మనం పాస్‌వర్డు పెట్టాం. ఏం పెట్టామో పైన చెప్పుకున్నాం.

‘ముంబయి సంగతి వేరు సార్, ఉరవకొండకు ఎవడొస్తాడు, మగ్గాలూ శెనక్కాయ చేలూ తప్ప ఏముంది?’ అనే వినయం ఒకటి ఎదురవుతుంది. పక్కనే వజ్రకరూరులో తొలకరి పడగానే చేలల్లో తలలు వంచి వజ్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం దిగుతారు; మట్టిలో ఏమీ లేదని వాళ్లకెవరూ చెప్పలేదు. నెట్టులో వెతికేవాడికి ఊరు రావలసిన పని కూడా లేదు. 2016లో మిరాయ్ అనే పురుగు రౌటర్లనూ కెమెరాలనూ పట్టుకున్నది ఏ గొప్ప తంత్రంతోనో కాదు: కంపెనీలు పెట్టి వదిలేసిన యూజరు పేరు, పాస్‌వర్డు జతలు అరవై చిల్లర ఒక కాగితం మీద రాసుకొని, భూమ్మీద కనబడిన తలుపునల్లా తట్టుకుంటూ పోయింది. ఆ ఏడు అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి పడిపోయాయంటే ఆ సైన్యంలో ఉన్నవి ఇట్లాంటి అనామక ఇళ్ల పెట్టెలే. ఎదురింటి పిల్లోడి మీద నిఘాకు యాప్ పెట్టుకొని, భూగోళం అవతలివాడికి ‘అడ్మిన్’ తలుపు వదిలేయడం మన ప్రాధాన్యాల్లో మకుటం.

ఇంకొక అభ్యంతరం ఉంది, దాన్ని నేను ఎగతాళి చేయలేను. కరువు సీమలో అడిగినవాడికి నీళ్లు లేవనడం పాపం. వీధి పిల్లలు పరీక్ష ఫలితం చూసుకుంటామంటే పాస్‌వర్డు బిగబట్టుకోవడం ఏం సంస్కారం? ఈ వాదానికి పెద్ద లాయరే ఉన్నాడు. భద్రతా శాస్త్రంలో పేరుమోసిన బ్రూస్ ష్నైయర్ తన ఇంటి వైఫైకి తాళమే వేయనని 2008 జనవరిలో రాశాడు. ఇంటికొచ్చినవాళ్లకు వేడి టీ ఇచ్చినట్టే నెట్టూ ఇవ్వడం మర్యాద అన్నాడు. తన కంప్యూటర్లను విడిగా కట్టుదిట్టం చేసుకోగల మనిషి ఆ మాట అనవచ్చు. మన ఇంట్లో అదే వైఫై మీద నాన్న బ్యాంకు యాప్, దుకాణం లెక్కలు, గుమ్మం మీద కెమెరా నడుస్తుంటాయి. ఆయన రాసిన ఆరు నెలలకే నవీ ముంబయి వ్యవహారం వచ్చిందన్నది కూడా గుర్తుండాలి. మనసుంటే పంచడానికి మర్యాదైన దారులున్నాయి. చాలా రౌటర్లలో అతిథులకు వేరే వైఫై పెట్టే వీలుంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకంలో చిన్న కిరాణా అంగడి కూడా లైసెన్సు లేకుండా ఊరికి వైఫై ఇవ్వవచ్చు; వాడినవాడు తన పేరున వాడతాడు. చలివేంద్రం పెట్టడం దానం. ఇంటి బీగాలు వీధి గూట్లో పెట్టడాన్ని మన పెద్దలెవరూ దానాల పట్టీలో రాయలేదు.

చట్టం మనవైపే ఉంది కదా అనేవాళ్లది చివరి మాట. ఉంది. 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా నెట్‌వర్కులో చొరబడడాన్ని తప్పుపడుతుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల జైలు, ఐదు లక్షల రూపాయల జరిమానా దాకా ఉంది. చొరబడ్డది ఎవరో చూపించాలి, అంతే. చూపించడానికి ఇంటి బాక్సులో దొరికే చిట్టా చాలా కొద్ది, చాలా బాక్సుల్లో కరెంటు పోతే అదీ పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో మన సాక్ష్యం ఎన్నిసార్లు చెరిగిపోతుందో లెక్క వేసుకోవచ్చు.

చేయాల్సింది ఇంత వ్యాసానికి సిగ్గుపడేంత చిన్నది. బాక్సు అడ్మిన్ పాస్‌వర్డు మార్చడం, డబ్ల్యూపీఎస్ ఆపడం, డబ్ల్యూపీఏ2 గానీ వీలైతే 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 గానీ పెట్టడం, ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి పొడుగాటి పాస్‌వర్డు చేయడం. 63 అక్షరాల దాకా చోటుంది. ఇక్కడ ఒక ఉదాహరణ ఇవ్వవచ్చు గానీ, ఇస్తే రేపటికి గవిమఠం వీధి నుంచి బళ్లారి రోడ్డు దాకా అందరూ అదే పెట్టుకుంటారు. ‘పోలీస్ కంట్రోల్ రూమ్’ అన్న పేరు కావాలంటే ఉంచుకోవచ్చు. కొండ కూడా పడగ దించలేదు కదా.