పేరులేని గోళ్లరంగు సీసాకు ఒక బహిరంగ లేఖ

తిరునాళ్ల అంగళ్లలో, బస్టాండు పక్క తోపుడుబండ్ల మీద, సంతలో గాజుల దండల పక్కన వరసగా నిలబడి మా పిల్లల్ని పిలిచే ఓ చిన్న సీసా,

నీకు పేరు లేదు కాబట్టి ఇలాగే పిలుస్తున్నాను. నిన్ను తిరగేసి చూస్తే అడుగున గుండ్రటి కాగితం, దాని మీద రంగు నంబరు, అంతే. ఎవరు చేశారో, ఏ ఊళ్లో చేశారో, ఎప్పుడు చేశారో, లోపల ఏం పోశారో ఎక్కడా లేదు. మా అక్క కూతురు నిన్ను కొని తెచ్చుకుంది. మూత తీయగానే ముక్కుపుటాలు మండే వాసన. మర్నాటికి గోళ్ల చుట్టూ చర్మం ఎర్రగా కమిలి, దురద. రంగు తుడిచేశాక గోళ్లు పసుపురంగుకు తిరిగి ఉన్నాయి, ఆ పసుపు గోరు పెరిగి పోయేదాకా వదల్లేదు. ఆ పిల్ల వారం పాటు అన్నం స్పూనుతో తింది.

నీ రంగు మీద నాకు కోపం లేదు, నీ తక్కువ ధర మీద అసలే లేదు. ఎ.కొండూరు చుట్టుపక్కల ఆడవాళ్లు పత్తి తీస్తారు, మామిడి తోటల్లో పనికి వెళతారు. పొద్దుగూకాక కాళ్లూ చేతులూ కడుక్కుని అరుగు మీద కూర్చుని వేళ్లు చాపి రంగు వేసుకునే కాసేపు పూర్తిగా వాళ్లది. ఆషాఢంలోనూ అట్లతద్దికీ గోరింటాకు ఉండనే ఉంది. మిగతా ఏడాదంతా కొత్త రంగు కావాలనిపిస్తే తక్కువలో దొరికేది గోళ్లరంగే. మైలవరం, తిరువూరు వెళ్లి పార్లర్‌లో డబ్బు పోయక్కర్లేదు, ఇంట్లోనే అందంగా వేసుకోవచ్చు.

ఎంత అందంగానో నువ్వూ విను. సీసాను కుదిపితే లోపల గాలి బుడగలు పుడతాయి, అందుకని రెండు అరచేతుల మధ్య దొర్లించాలి. ముందు రంగులేని బేస్ కోటు వేస్తే గోరు పసుపెక్కదు. తర్వాత పల్చగా ఒక పూత, అది ఆరాక ఇంకొకటి. మందంగా ఒకేసారి పులిమి ఫ్యాను కింద చెయ్యి పెడితే పైన తెట్టు కడుతుంది, అడుగు పచ్చిగానే ఉంటుంది. రాత్రి దుప్పటి గీతలన్నీ పొద్దున గోళ్ల మీద కనిపిస్తాయి. పత్తి తీసే వేళ్లకు ముదురు రంగులు అంచుల దగ్గర త్వరగా చిట్లి కనిపిస్తాయి. గోరు రంగుకు దగ్గరగా ఉండే లేత రంగులైతే చిట్లినా తెలియదు. అదే ఆవకాయ రోజుల్లో లేత రంగు వేస్తే పసుపూ కారమూ పట్టేస్తాయి, అప్పుడు మెరూనే మేలు.

ఇక డిజైన్లకు కొనాల్సింది ఏమీ లేదు. పిన్నీసు గుండ్రటి కొసను రంగులో ముంచి తాకిస్తే చుక్క, అగ్గిపుల్లతో అయితే ఇంకాస్త పెద్ద చుక్క. గోరు చివర మినహా మిగతాదంతా సెల్లోటేపుతో కప్పి తెల్లరంగు వేసి, పూర్తిగా ఆరకముందే టేపు లాగేస్తే తిన్నటి అంచు వస్తుంది. గిన్నెలు తోమే స్పాంజి కొత్తది ఒక ముక్క కోసి, రెండు రంగులు పక్కపక్కన పూసి గోటి మీద అద్దితే ఒకటి రెండో దాంట్లోకి కరిగినట్టు కలుస్తుంది. మా అక్క కూతురు బొటనవేలి గోటి మీద నాలుగు చుక్కల ముగ్గు పెడుతుంది. మా మండలంలో లంబాడీ తండాలున్నాయి. అక్కడి పెద్దావిడల కుట్టుపనిలో ఎరుపు మీద పసుపు త్రికోణాలు, మధ్యలో గుండ్రటి అద్దం. ఆ అద్దం చోట వెండిరంగు చుక్క పెడితే అదే పనితనం చూపుడువేలి గోటి మీద నిలుస్తుంది. ఏ పుస్తకంలోనూ చూడని డిజైను అది, మా పిల్లలదే.

నీలాంటి సీసాలో ఉండాల్సిందేమిటో కూడా తెలుసు. గోటి మీద గట్టిపడి మెరిసే పొర నైట్రోసెల్యులోజ్‌తో వస్తుంది. దాన్ని పత్తి నారను గానీ కొయ్య గుజ్జును గానీ ఆమ్లాలతో కలిపి తయారు చేస్తారు. 1920ల్లో మోటారు కార్లకు వేసిన తళతళలాడే రంగులు ఆ పదార్థంతోనే వచ్చాయి, గోళ్లరంగు ఆ దారినే నడిచింది. అమెరికాలో రెవ్లాన్ 1932లో గోళ్లరంగుతోనే మొదలైంది, మన దగ్గర టాటాలు 1952లో లాక్మే పెట్టారు. చేలో పత్తి తీసిన వేళ్ల మీదికి పత్తి ఇలా తిరిగి రావడం నాకెంతో ఇష్టమైన సంగతి. నైట్రోసెల్యులోజ్‌ను కరిగించే ద్రవాలు ఆవిరై పోతేనే రంగు ఆరుతుంది, ఆ ఆవిరి అంటుకుంటుంది కూడా. అందుకే పొయ్యి దగ్గర, దీపం దగ్గర సీసా మూత తీయకూడదు. ఒకప్పుడు టొల్యూన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ అనే మూడూ గోళ్లరంగుల్లో మామూలుగా ఉండేవి. హాని తెలిశాక పేరున్న కంపెనీలు చాలావరకు వాటిని మానేశాయి. నువ్వు మానేశావో లేదో నిన్ను చూసి చెప్పగలిగేవాళ్లు లేరు. నా కోపమంతా అక్కడే.

ఇంకో సంగతి. మా తండాల్లో కిడ్నీ జబ్బు గురించి రాష్ట్రమంతటికీ తెలుసు. ఆస్పత్రి దారి మాకు కొత్త కాదు. డాక్టరు గోరు నొక్కి రక్తం ఉందో లేదో చూస్తాడు. వేలికి తగిలించే ఆక్సీమీటరు గోటి గుండా వెలుతురు పంపి ఆక్సిజన్ కొలుస్తుంది. నలుపు, నీలం లాంటి ముదురు రంగులుంటే ఆ అంకె తప్పే వీలుంది. మంచి రంగైతే రిమూవర్ అద్దిన దూదితో ఇట్టే పోతుంది. నువ్వు అంత తేలిగ్గా గోటిని వదలవు. అత్యవసరంలో నర్సు నీతో కుస్తీ పట్టాలా?

2020లో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ఇలాంటి వస్తువు మీద తయారుదారు పేరు, ఊరు, ఎప్పటిలోగా వాడాలో ఉండాలి. బయటి దేశం నుంచి వస్తే దిగుమతి చేసినవాళ్ల వివరాలూ ఉండాలి. ఇవి అచ్చు వేస్తే నీ ధర పెద్దగా పెరగదు. పది రూపాయలదైనా సరే, బాధ్యత తీసుకునే మనిషి పేరుతో రా, మేమే ముందు కొంటాం.

రానంటావా, ఈ ఏడు నుంచి మా వీధి ఆడపిల్లలు అంగట్లో ముందు సీసా తిరగేసి చదువుతారు, తర్వాతే రంగు చూస్తారు. కొంటే బిల్లు అడుగుతారు. చర్మం కమిలిందంటే సీసా పారెయ్యకుండా దాచి, బిల్లుతో సహా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తారు, ఔషధ నియంత్రణ అధికారులకు కాగితం పెడతారు. ఆ కాగితం ఎలా రాయాలో వాళ్లకు నేను నేర్పుతున్నాను.

ఇట్లు,
ఎ.కొండూరు నుంచి గోళ్లరంగంటే ఇష్టమున్న ఒక పిన్ని