ఏది ముందైతే అది

కారు ఇంజన్‌కు సర్వీసింగ్ ఎప్పుడు చేయించాలో రెండు లెక్కలు తేలుస్తాయి. ఒకటి తిరిగిన కిలోమీటర్లు, రెండోది గడిచిన కాలం. ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. జడ్చర్లలో దాన్ని 'ఏది వెనకైతే అది' అని చదువుకోవడం ఆనవాయితీ. బాదేపల్లి మార్కెట్ యార్డుకు, మహబూబ్‌నగర్‌లో పెళ్లిళ్లకు తప్ప షెడ్డు దాటని కారు ఏడాదికి మూడు నాలుగు వేలకు మించి తిరగదు. ఆ లెక్కన ఆయిల్ మార్పు మూడో దసరాకు గానీ రాదు. ఈలోగా నిమ్మకాయలు, కుంకుమ, గుమ్మడికాయ మాత్రం ఏ ఏడూ తప్పవు. బానెట్ మీద బొట్టు పెట్టడానికి ఇంటిల్లిపాదీ వస్తారు, బానెట్ ఎత్తడానికి ఎవరూ రారు.

అదే పుస్తకం వెనక పేజీల్లో తీవ్ర పరిస్థితుల పట్టిక ఒకటి ఉంటుంది. దుమ్ము రోడ్లు, దగ్గరి ప్రయాణాలు, నిలబెట్టి ఇంజన్ నడపడం, విపరీతమైన ఎండ, అధిక బరువు ఉన్నచోట గడువు తగ్గించుకోవాలని దాని సారాంశం. ఎక్కడో ఎడారివాళ్ల కోసం రాశారనుకుని చదివేవారు పేజీ తిప్పేస్తారు. ఏప్రిల్‌లో జడ్చర్లలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎర్రచెలక దుమ్ము లేస్తుంది. ఐదుగురి కారులో ఎనిమిది మంది ఎక్కుతారు, ఒళ్లో పిల్లలు లెక్కలోకి రారు. ఫంక్షన్ హాలు బయట ఏసీ వేసుకుని ఇంటిపెద్ద గంటసేపు కునుకు తీస్తాడు. పట్టికలోని తీవ్రతలన్నీ ఒక్క లగ్గానికే పూర్తవుతాయి.

పరీక్ష ఆయిల్‌తో మొదలవుతుంది. బండిని చదునైన చోట ఆపి, ఇంజన్ ఆర్పి, ఐదు పది నిమిషాలు ఆగితే పైనున్న ఆయిల్ కిందికి దిగుతుంది. గేజు లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీసి చూడాలి. తుడవకముందు కనిపించింది లెక్క కాదు. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. చాలా కార్లలో ఆ గీతల తేడా సుమారు లీటరు. యజమాని ఇక్కడ ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రాసి, వాసన చూసి, "నల్లగైంది" అని తల ఊపుతాడు. నలుపును బట్టి తీర్పు చెప్పలేం. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది, మసిని పట్టి ఉంచడం దాని ఉద్యోగం. భయపడాల్సింది పాలు కలిపిన చాయ్ రంగు చూసి. కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందని, హెడ్ గ్యాస్‌కెట్ పోయి ఉండవచ్చని దాని అర్థం. పై గీత దాటించినా చిక్కే. క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగతో ఇంజన్ భాగాలకు తడి సరిగా అందదు. "మిగిలింది గూడ పోసెయ్యన్నా, డబ్బాల ఉంచి ఏంజేస్తం" అనే ఔదార్యం సరిగ్గా ఈ దశలోనే పుట్టుకొస్తుంది.

తిరగని కారులో ఆయిల్ ఎందుకు పాడవుతుందన్నది యజమానులకు మింగుడుపడని సంగతి. పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కకముందే ఆపేస్తే ఆ నీరు, కాలని పెట్రోలు ఆయిల్‌లోనే ఉండిపోతాయి. 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ దాకా వెళ్లొచ్చిన కారులో అవి చాలావరకు ఆవిరైపోతాయి. ఇంటి నుంచి ఫ్లైఓవర్ దాకా వెళ్లి కూరగాయలతో తిరిగొచ్చే కారులో పేరుకుంటాయి. అపురూపంగా దాచుకున్న బండికే ఈ శిక్ష పడుతుంది. ఆయిల్ మార్చినప్పుడు ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చాలి, దాని మీద బేరం వద్దు.

ఎయిర్ ఫిల్టర్ కాగితంతో చేసింది. దుమ్ముతో మూసుకుపోతే పికప్ తగ్గుతుంది, చిరిగితే దుమ్ము లోపలికి పోయి సిలిండర్ గోడలను గీస్తుంది. తక్కువ ఒత్తిడి గాలిని లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి. సబ్బునీళ్లలో ఉతికి దండెం మీద ఆరేయడం శుభ్రతే గానీ సర్వీసింగ్ కాదు.

కూలెంట్ దగ్గర పొదుపు పరాకాష్ఠకు చేరుతుంది. గ్లైకాల్, శుద్ధి చేసిన నీరు సగం సగం కలిపిన ద్రావణం మామూలు నీటికన్నా ఎక్కువ వేడికి గానీ మరగదు. రేడియేటర్ మూత కల్పించే ఒత్తిడితో అది 120 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. తుప్పును కూడా ఆపుతుంది. దాని బదులు బోరునీళ్లు పోస్తే అందులోని సున్నం సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. "నీళ్లే గద సార్, ఏం గాదు" అనే మాట వినిపించిన చోట రేడియేటర్‌కు రోజులు దగ్గరపడినట్లే. మిషన్ భగీరథ ఇంటింటికీ నల్లా ఇచ్చింది, ఆ ఇళ్ల జాబితాలో రేడియేటర్ లేదు. ఇంజన్ వేడి మీద ఉండగా మూత తిప్పితే మరిగే ద్రవం మొహం మీదికి ఎగజిమ్ముతుంది. చల్లారాకే తీయాలి.

ఫ్యాన్ బెల్టుకు పగుళ్లున్నాయేమో చూడాలి. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్లలో కంపెనీ చెప్పిన గడువుకు దాన్ని మార్చాలి. అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగుతాయి, ఆ బిల్లు చూసి యజమానీ వంగుతాడు. మామూలు స్పార్క్ ప్లగ్గులు 30, 40 వేల కిలోమీటర్లు వస్తాయి, ఇరిడియంవి లక్ష దాకా. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి కనిపిస్తే శుభ్రం చేయాలి.

డ్యాష్‌బోర్డులో ఇంజన్ దీపం వెలిగితే స్కానర్ పెట్టి కోడ్ చదివించాలి. కోడ్ ఏ విభాగంలో తేడా ఉందో చెబుతుంది గానీ ఏ పార్టు మార్చాలో నేరుగా చెప్పదు. బ్యాటరీ వైరు పీకి మళ్లీ పెట్టడం వాడుకలో ఉన్న వైద్యం. కొన్ని బండ్లలో దీపం ఆరుతుంది, రోగం ఎక్కడికీ పోదు.

చివరిది పొగ పరీక్ష. బీఎస్-4, ఆ తర్వాతి బండ్లకు సర్టిఫికెట్ ఏడాది చెల్లుతుంది, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలే. ఈ ఒక్క గడువునూ జనం గుర్తుపెట్టుకుంటారు, రోడ్డు మీద ఆపి అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి. ఆయిల్ గేజు తీసి చూపించమని అడిగే పోలీసు మాత్రం ఇంకా పుట్టలేదు.